పాత రివాల్వర్లను వెతికి, గుర్తించి, సేకరించడం ఎలా

నూట యాభై ఏళ్ల నాటి రివాల్వర్‌ను ఎవరైనా మీ చేతికి అందిస్తే, అందులో మందు కూరి ఉందనే భావించి పట్టుకోవాలి. ఇది మర్యాద కోసం చెప్పే హెచ్చరిక కాదు. గుండ్లను పట్టి ఉంచే, తిరిగే సిలిండర్ గదుల్లోకి ముందువైపు నుంచి మందు పోసి, దాని మీద సీసపు గుండును బిగించే రోజుల్లో, పేల్చకుండా మిగిలిపోయిన మందును బయటికి తీయడం చాలా ఇబ్బందైన పని. అందుకే ఎందరో దాన్ని అలాగే సొరుగులో పెట్టేశారు. తడి తగలని నల్లటి తుపాకి మందు తరాలు గడిచినా తన శక్తిని కోల్పోదు. గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి, ట్రిగ్గర్‌కు వేలు దూరంగా పెట్టి, ఒక సన్నని చెక్కపుల్లను ఒక్కొక్క గదిలోకి మెల్లగా దించండి. ఎంత లోతు దిగిందో పుల్ల మీద గుర్తు పెట్టి, అదే పుల్లను సిలిండర్ బయట ఆనించి పోల్చండి. గుర్తు సగంలోనే ఆగిపోతే ఆ గదిలో ఏదో ఉన్నట్టే. అప్పుడు దాన్ని పొడవడం, వేడి చేయడం, డ్రిల్లు పెట్టడం వంటి పనులకు పూనుకోకుండా, అలాగే పక్కన పెట్టి లైసెన్సు ఉన్న తుపాకి మెకానిక్‌కు అప్పగించండి.

ఆ పరీక్ష చేతికి అలవాటైన తరువాతనే సేకరణ మాట ఎత్తాలి.

చట్టం ఏమంటుందో ముందుగా తెలుసుకోండి

కొనాలనే ఆలోచన వచ్చిన రోజే చేయవలసిన పని, మీరు ఉండే దేశంలో ఏ ఆయుధాన్ని ‘పురాతనం’ అంటారో తెలుసుకోవడం. ఈ నిర్వచనం ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. అమెరికాలో 1968 నాటి కేంద్ర చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన ఆయుధం పురాతనం కిందికి వస్తుంది. అయినా రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. బ్రిటన్‌లో 2021 నుంచి అమలులో ఉన్న నిబంధనల్లో తయారీ తేదీతో పాటు, అది ఏ తూటాను వాడుతుంది, ఏ పద్ధతిలో పేలుతుంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి; పైగా దాన్ని వింత వస్తువుగానో అలంకారంగానో మాత్రమే ఉంచుకోవాలి, పేల్చాలనుకున్న మరుక్షణం మినహాయింపు పోతుంది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్, పాతకాలపు నమూనా అయినా పురావస్తు విలువ ఉన్నదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక ఆయుధంగా పనికిరానిదైతేనే మినహాయిస్తుంది. అంటే వయస్సు ఒక్కటే చాలదు; పనిచేసే స్థితిలో ఉన్న పాత రివాల్వర్ అక్కడ మామూలు ఆయుధమే.

ఒక దేశంలో స్వేచ్ఛగా అమ్ముడుపోయే వస్తువు సరిహద్దు దాటగానే నేరమయ్యే అవకాశం ఉంది కాబట్టి, విదేశీ వేలంలో పాట పాడే ముందు ఎగుమతి, దిగుమతి అనుమతుల సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి. ఏనుగు దంతపు పిడి ఉన్న రివాల్వర్ల విషయంలో వన్యప్రాణి వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఆంక్షలు కూడా తోడవుతాయి. సందేహం ఉంటే అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా, అనుమతులిచ్చే అధికారి నుంచే జవాబు తీసుకోండి. అమ్మేవారు తమకు తెలిసినంత వరకు నిజాయితీగానే చెప్పవచ్చు. కానీ కేసు పడేది మీ మీదే.

ఒక కాలాన్ని, ఒక కుటుంబాన్ని ఎంచుకోండి

రివాల్వర్లన్నీ సేకరిస్తానని బయలుదేరినవారి దగ్గర చివరికి వస్తువుల గుట్ట మిగులుతుంది. ఒక తయారీదారునో, ఒక పేలుడు పద్ధతినో, ఇరవై ముప్పై ఏళ్ల కాలాన్నో ఎంచుకుంటే మీ చూపు త్వరగా పదునెక్కుతుంది. ఎంచుకోవడానికి స్థూలంగా చరిత్ర తెలియాలి.

అమెరికన్ తయారీదారు శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్‌కు 1835లో బ్రిటన్‌లోను, 1836లో అమెరికాలోను పేటెంట్లు పొందాడు. న్యూజెర్సీలోని పాటర్సన్‌లో పెట్టిన అతని మొదటి కంపెనీ కొన్నేళ్లకే మూతపడింది. కెప్టెన్ శామ్యూల్ వాకర్ సూచనలతో 1847లో తయారైన భారీ రివాల్వర్ అతన్ని తిరిగి నిలబెట్టింది. సుమారు 1,100 మాత్రమే తయారైన ఆ వాకర్ రెండు కిలోల బరువు తూగుతుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారికి వాకర్ దొరికిందని ఎవరైనా చెబితే, నకిలీ అనే అనుమానంతోనే మొదలుపెట్టడం మంచిది. ఆ తరువాత వచ్చిన 1851 నేవీ, 1860 ఆర్మీ నమూనాలు లక్షల్లో తయారయ్యాయి కాబట్టి నేర్చుకోవడానికి అవే అనువైనవి. అదే కాలంలో బ్రిటన్‌లో రాబర్ట్ ఆడమ్స్, పైన కూడా లోహపు పట్టీతో దిట్టంగా ఉండే చట్రాన్ని ఒకే ముక్కగా చేసి, ట్రిగ్గర్ లాగితే తనంతట తానే లేచి పడే సుత్తితో రివాల్వర్‌ను తెచ్చాడు. 1851 నాటి లండన్ మహా ప్రదర్శనలో ఈ ఇద్దరి వస్తువులూ పోటీపడ్డాయి.

ఇక తూటాల సంగతి. తూటాను వెనుక నుంచి పెట్టే వీలుగా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రంధ్రం తొలిచిన సిలిండర్‌కు రోలిన్ వైట్ 1855లో అమెరికన్ పేటెంట్ తీసుకున్నాడు. స్మిత్ అండ్ వెసన్ అనే అమెరికన్ కంపెనీ ఆ హక్కును పొంది, 1857లో ఏడు తూటాల చిన్న రివాల్వర్‌ను విడుదల చేసింది. ఆ పేటెంట్ గడువు 1869లో ముగిసేదాకా అమెరికాలో మిగతావారు చాలావరకు పాత మందు, గుండు, క్యాపు (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) పద్ధతికే కట్టుబడి ఉండవలసి వచ్చింది. కోల్ట్ ప్రసిద్ధ సింగిల్ యాక్షన్ ఆర్మీ (ప్రతిసారీ సుత్తిని చేత్తో వెనక్కి లాగి పేల్చే రివాల్వర్) 1873 దాకా రాకపోవడానికి కారణాల్లో ఇది ముఖ్యమైనది. పేటెంట్ల ఈ కథ తెలిసినవారు, 1860ల నాటిదని చెప్పి చూపిన వస్తువు మీద ఒక్క చూపుతోనే అనేక ప్రశ్నలు వేయగలరు. యూరప్‌లో ఆ అడ్డంకి లేదు: ఫ్రాన్స్‌లో యూజీన్ లెఫోషో 1854 నమూనా, తూటా పక్కనుంచి పొడుచుకు వచ్చే చిన్న మేకును సుత్తి కొట్టే పద్ధతిలో పనిచేసేది, 1858లో ఫ్రెంచి నౌకాదళం దాన్ని స్వీకరించింది. ఆ మేకు తూటాల రివాల్వర్లు యూరప్ అంతటా విస్తారంగా తయారయ్యాయి. వాటికి దొరకవలసినంత ఆదరణ ఇంకా దొరకలేదని నా అభిప్రాయం. తక్కువ ఖర్చుతో ఎక్కువ నేర్చుకోవాలనుకునేవారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

చూసి చూసి కళ్లకు అలవాటు చేయండి

ఎంచుకున్న నమూనా గురించిన సంగతులు చదవడం ఎంత అవసరమో, అసలైన వస్తువులను దగ్గరగా చూడడం అంతకంటె అవసరం. లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్, వయోమింగ్‌లోని కోడీ ఆయుధ మ్యూజియం, కోల్ట్ భార్య ఎలిజబెత్ తన సేకరణను అప్పగించిన, కోల్ట్ కర్మాగారం ఉన్న హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ అథీనియం వంటి సంస్థల్లో నిస్సందేహమైన నమూనాలు ఉన్నాయి. అంతదూరం వెళ్లలేనివారు మ్యూజియాలు ఆన్‌లైన్‌లో పెట్టిన పెద్ద ఫొటోలను, ఆయుధాల వేలం సంస్థల పాత కేటలాగులను వరుసగా చూడండి. కొనకుండా ఆరు నెలలు చూడడానికే కేటాయిస్తే, ఆ తరువాతి పదేళ్లలో మీరు చేసే తప్పులు సగానికి తగ్గుతాయి.

దొరికే చోట్లు నాలుగైదు ఉంటాయి: ఆయుధాల ప్రత్యేక వేలాలు, లైసెన్సున్న పురాతన వస్తువుల వ్యాపారులు, సేకర్తల సంఘాలు నడిపే ప్రదర్శనలు, పాత ఇళ్ల సామాను అమ్మకాలు, తోటి సేకర్తలు. వీటిలో తోటి సేకర్తల నుంచి కొనడమే నాకు నచ్చిన దారి, ఎందుకంటే లోపాలు చెప్పకుండా అమ్మినవాడికి ఆ చిన్న ప్రపంచంలో మళ్లీ ముఖం చూపించే వీలుండదు. వేలంలో అయితే వస్తువు ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు. పాట రోజుకు ముందు చేతిలోకి తీసుకుని చూసే అవకాశం ఇస్తారు కాబట్టి దాన్ని వదులుకోవద్దు. దూరం వల్ల వెళ్లలేకపోతే స్థితి నివేదికను, మీరు అడిగిన కోణాల్లో ఫొటోలను పంపమని కోరండి: గొట్టం మూతి, సిలిండర్ వెనుక ముఖం, అడుగుభాగం, మరల (స్క్రూల) తలలు.

చేతిలోకి వచ్చిన తరువాత

ఇక్కడ తొందరపడకూడదు. ఒక మెత్తని గుడ్డ, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న టార్చి, నైట్రైల్ చేతితొడుగులు ఉంటే చాలు. యజమాని అనుమతి లేకుండా సుత్తిని వెనక్కి లాగవద్దు; ఉత్తగా సుత్తి కొట్టించడం వల్ల సిలిండర్ వెనుక క్యాపు తొడిగే చిన్న మొనలు అణిగిపోతాయి.

1851 నేవీ మీ ముందు ఉందనుకుందాం. మొదట దాన్ని వెల్లకిలా తిప్పండి. గొట్టం కింది దిమ్మె, చట్రం, ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇత్తడి కాపు, పిడి అడుగు పట్టీ, ఈ నాలుగు చోట్లా ఒకే సీరియల్ నంబర్ కనిపించాలి. సిలిండర్ మీద, గొట్టాన్ని చట్రానికి బిగించే అడ్డుచీల మీద కూడా నంబర్ ఉంటుంది. చెక్క పిడిని విప్పిన సందర్భంలో దాని లోపలి వైపు అదే నంబర్ సిరాతో రాసి ఉండడం తరచుగా కనిపిస్తుంది. అన్నీ కలిస్తే ఆ భాగాలు పుట్టినప్పటి నుంచి కలిసే ఉన్నాయని అర్థం. అడ్డుచీల ఒక్కటి వేరైతే పెద్ద లోపం కాదు, అవి పోవడం సహజం. సిలిండర్ వేరైతే విలువ గణనీయంగా తగ్గుతుంది. నంబర్లన్నీ కలిసినా, భూతద్దం కింద అంకెల అంచుల్లో లోహం కొత్తగా ఉబ్బి ఉందేమో, ఒక చోటి 4 మరో చోటి 4 లాగే ఉందో లేదో చూడండి. పాత నంబర్‌ను అరగదీసి కొత్తది కొట్టినవారు అంకెల అచ్చును కలపడంలోనే ఎక్కువగా దొరికిపోతారు.

ఇక సిలిండర్ మీదికి రండి. దాని చుట్టూ ఒక ఓడల యుద్ధం చెక్కి ఉంటుంది: 1843 మే 16న కాంపెచే వద్ద టెక్సాస్ నౌకాదళం మెక్సికో ఓడలతో చేసిన పోరాటం, చెక్కినవాడు ఆర్మ్స్‌బీ. ఉక్కు చక్రంతో ఒత్తి దించిన ఆ గీతలు చాలా పలచనివి కాబట్టి వాడకంలో త్వరగా అరుగుతాయి. అయితే సహజమైన అరుగుదలకు ఒక తీరు ఉంది. తోలు ఒరకు రాసుకునే ఎత్తైన చోట్ల బొమ్మ మాయమవుతుంది, కానీ వెనుక అంచు దగ్గర, ఆపు గాడుల (సిలిండర్‌ను సరైన చోట ఆపే గళ్ల) పక్కన ఏదో ఒక తెరచాప కొనో, పొగ మబ్బు గీతో మిగులుతుంది. నేను మొదట కొన్న నేవీ సిలిండర్ నున్నగా ఉంటే, పాపం ఎంత వాడారో అనుకున్నాను. అనుభవం ఉన్న ఒక పెద్దాయన దాన్ని కిటికీ వెలుతురులో ఒకసారి తిప్పి, ఆపు గాడులు చూడమన్నాడు. లోతుగా ఉండవలసిన ఆ గాడులు గోటికి తగలనంత పలచగా ఉన్నాయి. తుప్పు గుంటలను కనబడకుండా చేయడానికి ఎవరో సిలిండర్ మొత్తాన్ని లేత్ యంత్రం మీద చెక్కేశారు. బొమ్మ అరగలేదు, దాన్ని తీసేశారు. అప్పటి నుంచి ఏ సిలిండర్ చూసినా నా గోరు ముందు ఆ గాడి మీదికే వెళుతుంది.

గొట్టం మీది అక్షరాలను చదవండి. హార్ట్‌ఫర్డ్‌లో చేసిన నేవీల మీద చాలావాటికి న్యూయార్క్ చిరునామా, 1850ల్లో కొద్దికాలం నడిచిన లండన్ కర్మాగారపు నేవీల మీద లండన్ చిరునామా ఉంటాయి. లండన్ వాటికి అక్కడి పరీక్షా ముద్రలు (మందు ఒత్తిడిని తట్టుకుంటుందని పరీక్షించి కొట్టే గుర్తులు) కూడా ఉండాలి. అక్షరాల అంచులు వాడిగా ఉన్నాయా, పక్కకు సాగినట్టు మసకబారాయా అన్నది గమనించండి. ఎనిమిది పలకల గొట్టం అంచులు కత్తిలా నిలిచి ఉంటే మంచిది. అవి గుండ్రబడి, మర రంధ్రాల చుట్టూ లోహం సొట్టలా దిగి, అయినా పైన నీలం రంగు కొత్తగా మెరుస్తుంటే, అరగదీసి మళ్లీ రంగు వేశారని నిర్ధారించుకోవచ్చు. తుప్పు గుంట లోపల కూడా నీలం కనిపిస్తే ఇంకో సాక్ష్యం అక్కరలేదు. నికెల్ పూత విషయంలో ఒక చిన్న గుర్తు: పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లకు ఫ్యాక్టరీలో నికెల్ వేసినప్పుడు సుత్తిని, ట్రిగ్గర్‌ను సాధారణంగా వదిలేసేవారు, అవి కూడా తళతళలాడుతుంటే ఆ పూత తరువాత వేయించింది కావచ్చు.

మరల తలల్లోని గాడులు మరో సాక్షి. పాత గాడి సన్నగా ఉంటుంది, దానికి సరిపోని స్క్రూడ్రైవర్ పెట్టిన చోట పెదవులు చిట్లి ఉంటాయి. ఒక్క మర మాత్రమే చిట్లి ఉంటే, దాని వెనుక ఉన్న భాగాన్ని ఎవరో విప్పారు. ఎందుకు విప్పారో అడగండి.

యజమాని ఒప్పుకుంటే సుత్తిని నెమ్మదిగా పూర్తిగా వెనక్కి లాగి, సిలిండర్ సరిగా తిరిగి గట్టిగా ఆగుతోందో లేదో ఒక్కసారి చూసి, బొటనవేలితో పట్టుకుని దించేయండి. మళ్లీ మళ్లీ చేయనవసరం లేదు. గొట్టం లోపల మెలిక గాడులు టార్చి వెలుగులో కనిపిస్తే సంతోషం. మేకు తూటాల రివాల్వర్లలో లోపల తుప్పు దాదాపు మామూలు.

పేటెంట్ తేదీ తయారీ తేదీ కాదు

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. మరో అమెరికన్ తయారీదారు రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ రివాల్వర్ గొట్టం మీద 1858 సెప్టెంబరు 14 అనే పేటెంట్ తేదీ ఉంటుంది. కానీ ఆ నమూనా తయారైనది 1863 నుంచి. తేదీని నిర్ణయించేవి సీరియల్ నంబర్, ముద్రలు, నిర్మాణంలోని చిన్న మార్పులు. బెల్జియంలోని లియేజ్ పరీక్షా ముద్ర గుడ్డు ఆకారపు గీతలో ఈ, ఎల్, జీ అక్షరాలతో ఉంటుంది. 1893 నుంచి దాని పైన కిరీటం చేరింది. కాబట్టి కిరీటం లేని ముద్ర ఒక్కటే వయస్సును కొంత వరకు చెబుతుంది. కోల్ట్ సింగిల్ యాక్షన్‌లో సిలిండర్ ఇరుసును ముందు నుంచి ఒక మర పట్టి ఉంచేది, 1890ల్లో దాని స్థానంలో అడ్డంగా స్ప్రింగు గొళ్లెం వచ్చింది. రష్యాకు చెందిన 1895 నాగాన్ రివాల్వర్ చట్రం మీద తయారీ సంవత్సరమే కొట్టి ఉంటుంది. చట్టం తేదీతో ముడిపడిన చోట ఆ ఒక్క అంకె చాలా బరువైనది.

1950ల చివరి నుంచి ఇటలీలో, ముఖ్యంగా గార్డోనే వాల్ ట్రోంపియా ప్రాంతంలో తయారవుతున్న పునఃసృష్టి రివాల్వర్లు (పాత నమూనాలకు కొత్తగా చేసిన నకళ్లు) మంచి వస్తువులే, వాటిని వాటిగా అమ్మినంతకాలం. వాటి మీద ఇటాలియన్ పరీక్షా ముద్రలు, ఒక చిన్న చతురస్రపు గడిలో తయారీ సంవత్సరపు సంకేత అక్షరాలు, నల్ల మందు మాత్రమే వాడాలనే హెచ్చరిక ఉంటాయి. మోసగాళ్లు వీటిని అరగదీసి, ఆమ్లంతో తుప్పు పట్టించి, పాతవని అమ్ముతారు. అరగదీసిన చోట లోహం పలకగా గానీ గుంటగా గానీ మారుతుంది. టార్చిని పక్కవాటుగా పట్టి కాంతిని లోహం మీద జారవిడిస్తే ఆ గుంట నీడలా కనిపిస్తుంది. ఆమ్లపు తుప్పు అన్ని వైపులా ఒకే తీరుగా ఉంటుంది. కాలం పట్టించిన గోధుమ రంగు అలా ఉండదు: చెయ్యి తగిలే చోట పలచగా, మూలల్లో చిక్కగా ఉంటుంది.

మఖమలు పరిచిన చెక్కపెట్టెలో మందు సీసా, గుండ్లు పోసే అచ్చు, క్యాపుల డబ్బాతో సహా వచ్చిన రివాల్వర్ ధర చాలా ఎక్కువ పలుకుతుంది కాబట్టి పెట్టెలను విడిగా కూర్చి అమ్మడం పరిపాటి. రివాల్వర్‌ను బయటికి తీసి, గుడ్డ మీద దాని ఒత్తిడి గుర్తు ఉందో లేదో, సుత్తి ఆనే చోట గుడ్డ అరిగిందో లేదో చూస్తే చాలావరకు తేలుతుంది.

ఫలానా వీరుడి చేతిలో ఉండేదని చెప్పే కథకు పత్రం ఉంటేనే లెక్క. అప్పటి ఉత్తరం, ఫ్యాక్టరీ రికార్డు, పేరు కనిపించే పాత ఫొటో ఉంటే అదనంగా చెల్లించవచ్చు. కొందరు తయారీదారుల ఆర్కైవులు నంబర్ ఆధారంగా, ఏ రోజున ఎవరికి పంపారో తెలిపే ధ్రువపత్రం ఇస్తాయి. వాటిని కొనే ముందే తెప్పించమని అమ్మేవారిని అడగడం తప్పు కాదు.

ఇంటికి తెచ్చిన తరువాత

తుడిచి మెరిపించాలనే కోరికను అణచుకోండి. నేను ఒకప్పుడు లియేజ్‌లో చేసిన మేకు తూటాల రివాల్వర్‌ను గరుకు కాగితంతో రుద్దాను. గోధుమ రంగుతో పాటు ఆ గుడ్డు ఆకారపు ముద్ర కూడా సగం పోయింది. దాని తేదీకి ఉన్న ఒకే సాక్ష్యాన్ని నేనే చెరిపేశానని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎర్రగా, వేలికి పొడిలా అంటుకునే తుప్పును మాత్రమే ఆపాలి. ఆ చోట ఒక చుక్క పలచని నూనె వేసి, ఒక రోజు నాననిచ్చి, మెత్తని గుడ్డతో అద్దండి. గట్టిగా, నున్నగా, ముదురు గోధుమ రంగులో ఉన్న పొరను ముట్టుకోవద్దు. పైన మ్యూజియాల్లో వాడే సూక్ష్మ స్ఫటిక మైనాన్ని పలచగా పూస్తే చెమట, తేమ నుంచి రక్షణ ఉంటుంది. చెక్క పిడికి నూనె తగలనివ్వకండి.

తోలు ఒరలో పెట్టి దాచడం పెద్ద పొరపాటు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేయడానికి వాడిన రసాయనాలు లోహాన్ని తింటాయి. ఓక్ చెక్క బీరువా కూడా ఆమ్లపు ఆవిరిని వదులుతుంది కాబట్టి, రంగు వేసిన ఉక్కు పెట్టె నయం. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండేలా సిలికా జెల్ ఉంచి, నెలకొకసారి తెరిచి చూడండి. తాళం తప్పనిసరి. ఇంట్లో పిల్లలుంటే ఆ తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.

పేల్చి చూడాలనే ఆలోచన వద్దు. నూటపాతికేళ్ల ఇనుములో కంటికి కనిపించని పగుళ్లు ఉండవచ్చు, ఆ రోజుల మందు ఒత్తిడికి చేసిన సిలిండర్ నేటి పొగలేని మందు ఒత్తిడిని తట్టుకోదు. కాల్చడం ఇష్టమైతే చట్టం అనుమతించిన చోట పునఃసృష్టి రివాల్వర్ వాడండి.

చివరగా ఒక పుస్తకం పెట్టండి. ప్రతి వస్తువుకూ ఒక పేజీ కేటాయించి, నంబర్, ముద్రల బొమ్మ, కొలతలు, ఎవరి నుంచి ఎప్పుడు ఎంతకు కొన్నారు, ఏ పత్రాలు వచ్చాయి, మీరు ఏ మరమ్మతు చేశారు అన్నవి రాయండి. అన్ని కోణాల నుంచి తీసిన ఫొటోలను, రసీదును, అనుమతి పత్రాల నకళ్లను అదే పేజీకి జత చేసి, ఒక ప్రతిని రివాల్వర్లు ఉన్న పెట్టెలో కాకుండా వేరే చోట భద్రపరచండి. మీ తరువాత ఆ పెట్టె తెరిచే వారసులకు ఏది అసలైనది, ఏది పునఃసృష్టి, దేనికి అనుమతి కావాలి, దేనికి అక్కరలేదు అన్నది ఆ పేజీల నుంచే తెలియాలి.